నల్లకంటి పూవు పెంపకము



నేడు నేనొక పూవును గూర్చి మాటలాడ దలచితిని. వరి, మిరప, ప్రత్తి, వేరుసెనగ మొదలగు పంటలను గూర్చి వినగోరి కూర్చున్నవారికి ఈ పూవుల ముచ్చట యేల యని తోచవచ్చును. పూవు కడుపు నింపదు, నిజమే. కాని యీ పూవు నెపమున విత్తనమునెట్లు పరీక్షింపవలెనో, విత్తుటకు అదను ఎట్లు నిర్ణయింపవలెనో చెప్పుటకు వీలగును. ఈ రెండును ఎఱిగినవానికి పూలమడి యైనను పొలమైనను ఒక్కటే విద్య.

ఈ దినములలో క్రొత్త క్రొత్త పూల విత్తనములు రంగుల పొట్లములలో పట్టణములనుండి పల్లెలకు వచ్చుచున్నవి. బడి ఆవరణలందును, గుడి తోటలందును, పంచాయతీ కార్యాలయముల ముంగిటను, ఇండ్ల పెరళ్ళలోను వానిని చల్లుచున్నారు. అట్టివానిలో 'బ్లాక్ ఐడ్ సూసన్' అనునది యొకటి. సూసన్ అనునది పాశ్చాత్య దేశములలో ఆడువారి పేరు. నల్లకన్నుల సూసన్ అని దీని యర్థము. మనవారే పేరు పెట్టియున్నచో కాటుకకంటి సుబ్బమ్మ యని యుందురు. పసుపు వన్నె రేకుల నడుమ నల్లని గుండ్రని భాగము కంటిపాపవలె కనబడును గనుక ఆ పేరు కలిగినది. నేను దీనిని నల్లకంటి పూవు అని పిలిచెదను.

నేనెఱిగిన యొక గ్రామమున బడిపిల్లలు తలకు పది రూపాయల చొప్పున కూడబెట్టి ఈ పేరుగల పొట్లములు రెండు తెప్పించిరి. వసంత ఋతువున, మంచు విడిచిన పిమ్మట విత్తవలెనని పొట్లముమీద వ్రాసియుండెను. వసంతమనగా మనకు చైత్ర వైశాఖములే గదా యని పిల్లలు చైత్రమాసమున మడి కట్టిరి. రెండు పొట్లముల గింజలను కలిపి వేలెడు లోతున పూడ్చిరి. ఉదయ సాయంకాలములు నీరు పోసిరి. నెల గడచునప్పటికి మూడు నాలుగు తీగ మొలకలు మాత్రము పైకి వచ్చి, అవియు వైశాఖపు టెండకు మాడిపోయెను. అది చూచి ఊరివారు, "ఈ బడినేల గొడ్డునేల, ఇందేమియు మొలవదు" అని తీర్పు చెప్పిరి. పిల్లలు ఆ మాట నమ్మిరి. మఱుసటి యేట తోటపనికి పార పట్టువాడొక్కడును లేకపోయెను.

నేను పోయి ఆ నేలను చూచితిని. ఆ మడికి పదియడుగుల దూరమున, ఎవరును నాటని బంతిమొక్క యొకటి గుబురుగా పెరిగి పూచియున్నది. తోటకూర దానంతటదియే మొలచియున్నది. నేలయందు దోషమేమియు లేదు. పోయిన రూపాయలను మఱల కూర్చుకొనవచ్చును. కాని దోషములేని నేలమీద పడిన నింద పిల్లల మనస్సులలో నాటుకొనిన, దానిని పెఱికివేయుట కష్టము. కావున అచట జరిగినదేమో నిదానముగా విచారింతము.

మొదట తెలియవలసిన సంగతి యేమనగా, నల్లకంటి పూవు అను పేరు ఒక మొక్కకు గాదు, రెండింటికి చెల్లుచున్నది. ఆ రెండును చుట్టములైన కావు.

మొదటిది కాడపై నిలిచి పెరుగు మొక్క. శాస్త్రజ్ఞులు దీనిని రుడ్బెకియా హిర్టా అందురు. దీని పుట్టినిల్లు ఉత్తర అమెరికా ఖండపు మధ్యభాగమును తూర్పుభాగమును. మన బంతి, చేమంతి, ప్రొద్దుతిరుగుడు ఏ కుటుంబములోనివో ఇదియు ఆ కుటుంబములోనిదే. ఒక యడుగు మొదలు మూడడుగుల వఱకు పెరుగును. ఆకులమీదను కాడలమీదను గరుకైన నూగు ఉండును. లాటిన్ భాషలో 'హిర్టా' అనగా నూగుగలది యని యర్థము. పసుపు రేకుల నడుమ ముదురు గోధుమ వన్నెతో నల్లగా కనబడు బొడిపె యొక్క పూవు కాదు. అనేకములైన చిన్న పూవుల గుంపు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రము 1918లో దీనిని తన రాష్ట్రపుష్పముగా స్వీకరించినది.

రెండవది తీగ. దాని శాస్త్రనామము థన్‌బెర్జియా అలాటా. పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికా. మన స్త్రీలు తలలో తురుముకొను కనకాంబరమును, దగ్గు మందుగా వాడు అడ్డసరమును దీని కుటుంబములోనివి. ఆకు బాణపు మొనవలె ఉండును. ఆకుకాడకు ఇరువైపుల సన్నని రెక్కలుండును. 'అలాటా' అనగా రెక్కలుగలది. పూవునకు ఐదు రేకులవలె విడిన అంచును, నడుమ నల్లని గొంతుకయు ఉండును. నారింజ, పసుపు, తెలుపు వన్నెలలో పూయును.

ఈ రెండు శాస్త్రనామములలో నొక విశేషమున్నది. స్వీడన్ దేశమున లినేయస్ అను పండితుడు లోకములోని వృక్షజాతులకు క్రమముగా పేర్లు నిర్ణయించెను. ఆతడు తనకు విద్య నేర్పిన రుడ్బెక్ అను ఆచార్యుని పేర మొదటి మొక్కను పిలిచెను; 1753లో ప్రకటించిన తన గ్రంథమున రుడ్బెకియా హిర్టాను చేర్చెను. లినేయస్ శిష్యులలో థన్‌బెర్గ్ అను నాతడొకడు. తీగకు ఆ శిష్యుని పేరు కలిగినది. గురువు పేరుగల మొక్కకును శిష్యుని పేరుగల తీగకును జనులు ఒకే ముద్దుపేరు పెట్టుకొనిరి. పల్లెవానికి శాస్త్రనామముతో పనియేమి యని యడుగువారికి ఇదియే సమాధానము. ముద్దుపేరు చూచి కొన్నచో మనకు వచ్చినదెవరో తెలియదు. పొట్లముమీద చిన్న అక్షరములలో నున్న శాస్త్రనామమును బడిపిల్లవానిచేత నైనను చదివించుకొని కొనుట మేలు.

చదువుటకు వీలులేని పక్షమున గింజయే తన కథ చెప్పును. పొట్లము విప్పి గింజలను అరచేతిలో పోసికొని చూడుడు. మొక్క గింజ మిక్కిలి సన్ననిది, నల్లనిది. వాములో సగమైనను ఉండదు. ఒక గ్రాము తూకమునకు మూడువేల గింజలకు పైగా వచ్చును. తీగ గింజ మిరియముకంటె కొంచెము చిన్నదిగా, గోధుమ వన్నెతో, గరుకుగా ఉండును. ఒక వైపున గుంట పడియుండును. ఒక గ్రామునకు సుమారు నలువది గింజలు మాత్రమే వచ్చును. కన్నుమూసికొని వ్రేళ్ళతో తడవినను ఈ భేదము తెలియును.

ఈ భేదము చిన్నదని తలపకుడు. గింజ యనగా ప్రయాణమునకు కట్టిన సద్దిమూట. భూమిలోనుండి వెలుతురు వఱకు మొలక చేయు ప్రయాణమునకు ఆ మూటలోని అన్నమే ఆధారము. పెద్దమూట గలవాడు దూరము నడువగలడు. చిటికెడు అటుకులు కట్టుకొన్నవాడు గడప దాటగనే కూలబడును. సన్నగింజను వేలెడు లోతున పూడ్చినచో మొలక పైకి రాకమునుపే మూట నిండుకొని చచ్చును. అంతేకాదు, రుడ్బెకియా వంటి సన్నగింజలకు మొలచుటకు వెలుతురు తోడ్పడును. వెలుతురు తగిలినపుడు తాను నేలపైననే యున్నానని గింజకు గుఱుతు తెలియును. చీకటిలో నున్న గింజలలో పెక్కులు మేలుకొనవు.

గోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో పొగాకు నారు పోయు రైతులకు ఈ విద్య క్రొత్తది కాదు. పొగాకు గింజ ఇంతకంటెను సన్నము. గ్రామునకు పదివేలకు పైగా వచ్చును. దానిని మట్టిలో పూడ్చు రైతు లేడు. ఎత్తుమడి కట్టి పైపైన చల్లుదురు. నల్లకంటి మొక్కకును అట్లే చేయవలెను.

ఆ విధానమును చెప్పెదను. మూడడుగుల వెడల్పున, ఆఱంగుళముల ఎత్తున మడి కట్టుడు. నల్లరేగడి యైనచో ఇసుకను, బాగుగా మాగిన పశువుల ఎఱువును కలుపుడు. ఎఱ్ఱ ఇసుకనేల యైనచో ఎఱువు మాత్రము కొంచెము చాలును. ఎఱువు మితిమీరినచో ఆకు బలిసి కాడ వాలును. మడి పై మట్టిని జల్లెడ పట్టి చదును చేసి ముందుగా తడుపుడు. చిటికెడు విత్తనమును నాలుగు పిడికిళ్ళ పొడి ఇసుకతో కలిపి, తోటకూర విత్తనమువలె పలుచగా చల్లుడు. చల్లిన పిమ్మట మట్టి కప్పవలదు. చదునైన పలకతో మెల్లగా అదిమిన చాలును. కుండతో కుమ్మరించినచో గింజలన్నియు ఒక మూలకు కొట్టుకొనిపోవును. సన్నని రంధ్రములుగల డబ్బాతో జల్లువలె నీరు చల్లుడు. మడిచుట్టు బూడిద గీత గీచినచో చీమలబెడద తగ్గును. మూడడుగుల ఎత్తున తాటాకులతో పలుచని పందిరి వేసినచో వెలుతురు వచ్చును, మధ్యాహ్నపు టెండ తగులదు.

పై మట్టి ఎండిపోకుండ కాపాడినచో వారమునుండి మూడు వారములలోగా మొలకలు వచ్చును. మొలచువఱకు తడి తప్పరాదు. మొలచిన పిమ్మట తడి మితిమీరరాదు. నీరు నిలిచిన మడిలో నారుకుళ్ళు తెగులు పుట్టి మొలకలు మొదట విఱిగి గుంపులు గుంపులుగా పడిపోవును. అందుకే ఎత్తుమడి. నాలుగైదు ఆకులు వచ్చిన పిమ్మట, ఒక సాయంకాలము, వేరున కొంచెము మట్టితో తీసి, అడుగునకొకటి చొప్పున, రోజునకు ఆఱు గంటలైన ఎండ తగులు చోట నాటుడు.

ఇక అదను విషయము. పొట్లముమీద వసంతమున విత్తుమని వ్రాసినవాడు అబద్ధము వ్రాయలేదు. తన దేశముకొఱకు వ్రాసికొనినాడు. ఆ చలిదేశములలో శీతకాలమున నేల గడ్డకట్టును. లేతమొలకను మంచు ఒక్క రాత్రిలో చంపును. కావున మంచు తొలగిన పిమ్మట విత్తుమని వారు చెప్పుదురు. మన మైదానములలో మొలకను చంపునది మంచు కాదు, ఎండ. వారికి మంచు యముడు. మనకు రోహిణి కార్తె యముడు. యముడు తలుపు దగ్గఱ నున్నపుడు శిశువును బయట పెట్టవలదనుటయే పొట్లముమీది మాటకు భావము. ఆ భావమును గ్రహించి మాసమును మనమే నిర్ణయించుకొనవలెను. మాట పట్టుకొని భావము విడిచినచో చైత్రమున విత్తి వైశాఖమున ఏడ్చుట తప్పదు.

ఈ మొక్క మొలచుటకు ఇరువది, ఇరువదియైదు డిగ్రీల వేడి హితము. అట్టి చల్లదనము మనకు వానలు వెనుకపట్టి రాత్రులు చల్లబడునపుడు కలుగును. తెలంగాణమున ఉత్తర, హస్త కార్తెలలో నారు పోయవచ్చును. కోస్తా జిల్లాలలో ఆశ్వయుజ కార్తికములయందు వాయుగుండములు, తుపానులు వచ్చు భయమున్నది గనుక, చూరు క్రింద కుండలలోనో పళ్ళెములలోనో నారు పెంచి, స్వాతి కార్తె గడచిన పిమ్మట బయట నాటుట క్షేమము. రాయలసీమలో హస్త, చిత్త కార్తెల వానలు చూచుకొని, ఎత్తుమడిమీద పోయవచ్చును.

అదను కుదిరినను ఓర్పు అవసరము. దానికి కారణమొకటి చెప్పెదను. మన పెద్దలు చేమంతి చలికాలమున పూయునని ఎఱుగుదురు. చలి యొక్కటియే దానికి కారణము కాదు. పగలు తగ్గి రాత్రి పెరిగినపుడు పూయుట చేమంతి స్వభావము. అందువలననే కర్ణాటక ప్రాంతమున చేమంతి రైతులు రాత్రులందు తోటలో విద్యుద్దీపములు వెలిగించి, పూతను తమకు కావలసిన కాలమునకు వెనుకకు నెట్టుచుందురు. నల్లకంటి మొక్క స్వభావము దీనికి తలక్రిందులు. పగలు పెరిగినపుడు పూయును. దాని పుట్టినింట, మేరీలాండ్ వంటి చోట, జూన్ నెలలో పగలు పదునైదు గంటలకు దగ్గఱగా ఉండును. మన విజయవాడలో సంవత్సరమంతటిలో మిక్కిలి పొడుగైన పగలు సుమారు పదమూడు గంటలు మాత్రమే. మిక్కిలి పొట్టి పగలు సుమారు పదునొకండు గంటలు. కావున హస్తలో విత్తిన మొక్క శీతకాలమంతయు నేలనంటి ఆకుల గుత్తివలె కూర్చుండును. దీనిని చూచి ఇది గొడ్డుమొక్క యని పెఱికివేయువారున్నారు. పెఱుకవలదు. అది లోపల వేరు పెంచుకొనుచున్నది. పగలు పెరుగ నారంభించిన పిమ్మట కాడ లేచుట దాని నైజము. మన పగటి పరిమాణము చాలక కొన్ని మొక్కలు ఆకుతోనే నిలిచిపోవుటయు కలదు. అరుగుమీది దీపపు వెలుగు రాత్రి కొంతసేపు పడుచోట నాటినచో పూతకు కొంత సహాయమగును. ఇందుచేత మొదటి యేట ఎకరములు వేయవలదు. ఒక చిన్నమడితో చాలించి, మీ యూరి నేలతో దాని పొత్తు ఎట్లున్నదో చూడుడు.

పూచినపుడు చూడదగిన వింతయు ఒకటి కలదు. మన కంటికి ఆ రేకు మొదలునుండి చివర వఱకు ఒకే పసుపు. తేనెటీగ కంటికి అట్లు కాదు. మనకు కనబడని అతినీల కిరణములను తేనెటీగ చూడగలదు. రేకు చివరి భాగము ఆ కిరణములను మఱలించును. మొదటి భాగము వానిని మ్రింగివేయును. కావున తేనెటీగకు పూవు నడుమ నల్లని పెద్దవలయము కనబడి, తేనె ఇచట నున్నదని త్రోవ చూపును. రేకు మొదట నున్న యే ద్రవ్యముల వలన ఇట్లగుచున్నదో అమెరికా శాస్త్రజ్ఞులు 1972లో కనుగొని ప్రకటించిరి. మనము నల్లకన్ను అని పిలుచు దానికంటె పెద్దకన్ను ఆ పూవునకున్నది. అది మనకొఱకు తెఱచినది కాదు. దోస, గుమ్మడి, కాకర పాదులున్న పెరటిలో ఇట్టి పూవులుండుట తేనెటీగలను పిలిచినట్లగును. పూత వేళ ఉదయమున పురుగుమందు చల్లినచో పిలిచిన యతిథికి విషము పెట్టినట్లగునని మఱువరాదు.

ఇప్పుడు తీగ మాట. మన వెచ్చని దేశమున నల్లకంటి పూవు తప్పక చూడదలచువారు తీగనే మొదట పెంచుట మంచిది. అది ఉష్ణదేశపు బిడ్డ. పగటి పొడుగుతో దానికంత పట్టింపు లేదు. చలిదేశములలో ఒక్క యేడు బ్రతికి మంచుకు చచ్చును. మన యొద్ద నీరు దొరికినచో రెండు మూడేండ్లు నిలుచును.

దీని గింజను ఒక రాత్రియు ఒక పగలును నీటిలో నానవేయుడు. ఇది పెద్దమూట గలది గనుక అఱ అంగుళము లోతున నాటి మట్టి కప్పవలెను. వేరు కదలింపబడుట దీనికంతగా రుచింపదు. కావున నిలుచుచోటనే నాటుట గాని, కొబ్బరిచిప్పలలో నొక్కొక్క గింజ వేసి చిప్పతో కూడ తీసికొనిపోయి మట్టిముద్ద చెదరకుండ నాటుట గాని చేయవలెను. చిప్ప అడుగున రంధ్రము మఱువకుడు. పది దినములనుండి మూడు వారములలోగా మొలచును. మృగశిర, ఆర్ద్ర కార్తెలలో తొలకరి నిలిచిన పిమ్మట విత్తినచో దసరా నాళ్ళకు పూవులు చూడవచ్చును.

ఉదయపు టెండయు మధ్యాహ్నపు నీడయు గల తూర్పు గోడ ప్రక్క దీనికి తగిన స్థానము. ఇది నులితీగలతో పట్టుకొనునది కాదు; తానే చుట్టుకొని ప్రాకును. కాబట్టి లావుపాటి రాటకంటె సన్నని వెదురుబద్దలు, పురికొస త్రాళ్ళు దీనికి హితము. జానెడు పెరిగినపుడు కొన తుంచినచో ప్రక్కకొమ్మలు వచ్చును. ఎండలు ముదిరినపుడు ఎఱ్ఱనల్లియు తెల్లదోమయు ఆకుల అడుగున చేరును. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను, కొంచెము సబ్బునీటిని కలిపి సాయంకాలమున ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లిన నివారణ యగును. మొదట ఎండుటాకులు పఱచినచో వేసవిలో తడి నిలుచును.

విత్తనము కట్టుట రెండింటికిని వేఱువేఱు. మొక్కపూవు రేకులు రాలి, నడిమి బొడిపె గట్టిపడి కాడ ఎండినపుడు కోసి, నీడన ఆఱబెట్టి, అరచేతుల నడుమ నలిపి చెఱుగవలెను. తీగకాయ గుండ్రముగా నుండి పక్షిముక్కువంటి కొనతో ముగియును. అది ఎండినపుడు టప్పున పగిలి గింజలను దూరముగా చిమ్మును. పగిలినదాక ఎదురుచూచినచో మీకు చిప్పలే మిగులును. కాయ పచ్చదనము విడిచి గోధుమ వన్నెకు తిరుగునపుడే కోసి పలుచని గుడ్డలో మూటగట్టి ఆఱబెట్టుడు. రెంటిని గాజుసీసాలలో పొడిగా, చల్లనిచోట ఉంచి, పైన పేరును సంవత్సరమును వ్రాయుడు. పొట్లముమీద సంకర విత్తనమని యున్నచో దానినుండి కట్టిన గింజలు తల్లివలె పూయునని నమ్మరాదు.

పెద్దలు ప్రత్యేకముగా తలచవలసిన సంగతి యింకొకటి కలదు. పరదేశపు మొక్క యన్నంతనే పనికిరానిదని త్రోసివేయుట తగదు. మన గుమ్మములకు తోరణమై, గొబ్బెమ్మలకు అలంకారమైన బంతి అమెరికా ఖండమునుండి వచ్చినదే. మన పచ్చడిలోని మిరపయు అచటిదే. కాని వచ్చిన ప్రతియతిథియు బంతి వంటిది కాదు. వయ్యారిభామ యను కలుపు అమెరికానుండియే వచ్చినది. అదియు బంతి కుటుంబములోనిదే. 1955 ప్రాంతమున పుణెలో గుర్తింపబడి, నేడు దేశమంతట బీళ్ళను గట్లను ఆక్రమించి పశువులకును మనుష్యులకును బాధ కలిగించుచున్నది. మన తీగయు ఆస్ట్రేలియాలోను, హవాయి మొదలగు పసిఫిక్ దీవులలోను తోట దాటి అడవి అంచులలో ప్రాకి చెట్లను కప్పివేసినది. గింజవలననే గాక, నేల తగిలిన కణుపునుండియు వేరు విడిచి వ్యాపించును. కావున ఇంటి పందిరిమీద పెంచుడు. కాలువ గట్లమీదను, చెఱువు కట్టలమీదను, కొండ దాపున అడవి ప్రక్కను నాటవలదు. కత్తిరించిన కొమ్మలను పచ్చిగా కాలువలో వేయవలదు. ఎండబెట్టి ఎఱువుగుంటలో వేయుడు. మొక్కను సైతము విత్తనము రాలకముందే వాడినపూలను కోసి అదుపులో ఉంచుడు. ఊరి ఉమ్మడిభూమికి కాపరులు మీరే గనుక ఈ మాట మీతో చెప్పుచున్నాను.

నాకీయబడిన కాలము ముగియుచున్నది. చెప్పిన దానిని క్లుప్తము చేసెదను. విత్తనము కొనునపుడు ముద్దుపేరు నమ్మక అసలుపేరు అడుగుడు. విత్తుటకు ముందు గింజను అరచేతిలో పెట్టి చూడుడు. ఎంత లోతున నాటవలెనో దాని పరిమాణమే చెప్పును. పొట్లము మీది మాసమును విడిచి, దాని భావమును మన కార్తెలలోనికి మార్చుకొనుడు. ఇన్నియు చేసిన పిమ్మటను మొలవనిచో అపుడు నేలను పరీక్షింపవచ్చును. అంతకుముందు నేలను నిందించుట న్యాయము కాదు. ఈ నియమము పూవునకెంత నిజమో ప్రత్తికిని మిరపకును అంతే నిజము. అందమైన పేరుచూచి విత్తనము కొని, అదను తప్పి నాటి, తుదకు పొలమును తిట్టుకొన్న రైతులు మనలో లేకపోలేదు.

ఈ విద్యలో సగము మీ యొద్దనే యున్నది. ఏ కార్తెకు ఏ వాన కురియునో, ఏ గాలి వీచినచో ఏమగునో, ఊరిలో ఏ మూల నీరు నిలుచునో పొట్లములు ముద్రించువారెఱుగరు; మీరెఱుగుదురు. గింజనుగూర్చిన సంగతి పిల్లలు చదివి చెప్పగలరు. వారు చదువగా మీరు విని, మీరు చెప్పగా వారు విత్తినచో, దూరదేశపు గింజ యైనను మన మట్టిలో కన్ను తెఱచును.